జ్ఞానప్రకాశం చెప్పిన లోతు

జ్ఞానప్రకాశం ఏ ఇద్దరికీ చెరువు లోతు ఒకేలా చెప్పి ఎరుగడు. నంద్యాల చెరువు తూము దగ్గర ముప్పై ఏళ్లుగా కాపలా మనిషి. ఊరు తాగే నీళ్లు ఆయన చేతి మీదుగానే పోవాలి. లోతు మాత్రం అడిగిన మొహాన్ని బట్టి మారేది.

1978 ఎండాకాలంలో ఆ లోతును రోజూ పుస్తకంలో రాసే పని కొత్త గుమాస్తా రాజరత్నం మీద పడింది. మొదటిరోజే అతనికి తల తిరిగింది. ఈతకొచ్చిన కాలేజీ కుర్రాళ్లకు పెద్దాయన ముప్పై అడుగులన్నాడు, పైగా మొసలి ఉందన్నాడు. బిందెతో వచ్చి, నీళ్లయిపోతాయని బెంగపడే పద్మమ్మకు ఇరవై అన్నాడు. సాయంత్రం కట్ట మీద బజ్జీలు తింటూ, తమ తోటలకు నీళ్లొదలమనే పెద్దమనుషులకు ఆరన్నాడు. కొలతరాయి చూద్దామంటే, దాని మీద బట్టలుతికి ఉతికి అంకెలు అరిగిపోయాయి.

"వీటిలో ఏది రాయాల పెద్దాయనా?"

"నీ చేతికి ఏ అంకె బాగా తిరుగుతాదో అది రాయప్పా."

వారం కొట్టుమిట్టాడి, రాజరత్నం వెదురుగడ తెచ్చి తనే కొలిచాడు. పద్నాలుగు అడుగులు. గడ ఇంకా ఆరకముందే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకమ్మాయి కట్టెక్కింది. చేతిలో నలిగిన పేపరు. నీళ్లకేసి చూస్తూ, లోతెంతని అడిగింది.

సరైన జవాబు తెలిసిన రోజే ఒకరు అడిగారని రాజరత్నం సంబరంగా నోరు తెరిచాడు. జ్ఞానప్రకాశం అతని కాలు గట్టిగా తొక్కాడు.

"మోకాలి లోతమ్మా. అంతా బురద. దిగితే చీర చెడిపోతాది, అంతే."

ఆ పిల్ల అక్కడే కూలబడి ఏడ్చింది. పేరు కృపమ్మ, ఊరు శిరివెళ్ల. టీచరు ట్రైనింగు పరీక్ష రెండోసారి తప్పిందట, పేపర్లో నంబరు పడలేదట, నాయన మొహం ఎట్లా చూసేదని భయమట. పెద్దాయన తన జొన్నరొట్టెలో సగం ఆమె చేతిలో పెట్టి, తాను మూడో తరగతి నాలుగుసార్లు తప్పిన వైనం చెప్పుకొచ్చాడు. తన కాలెందుకు తొక్కాడో రాజరత్నానికి అప్పటికి తెలిసింది. తడి గడను మెల్లగా వీపు వెనక దాచుకున్నాడు.

పెద్దాయన పురమాయిస్తే, ఆమెను ఇంట్లో దిగబెట్టడానికి రాజరత్నం శిరివెళ్ల మీదుగా పోయే ఆళ్లగడ్డ బస్సెక్కాడు. సగం దారిలో కృపమ్మ అడిగింది.

"అన్నా, మోకాలి లోతు నీళ్లు ఊరంతా ఎట్లా తాగుతాండారు?"

జన్మలో అబద్ధమాడని రాజరత్నం కిటికీలోంచి బయటికి చూశాడు, టికెట్టు కేసి చూశాడు.

"మా ఊరోళ్లకు దప్పిక తక్కువమ్మా" అన్నాడు.

కృపమ్మ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంది. దాని వెనక భుజాలు కదులుతుంటే, మళ్లీ ఏడుస్తోందేమోనని అతను కంగారుగా వంగి చూశాడు. నవ్వుతోంది.