ఎగుమతి కాని సరుకు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒక రొయ్య చేతిలో చావబోయి బతికినవాణ్ణి నేను. రొయ్యకు చేతులుండవని మా పాస్టరుగారు దిద్దారు గాని, నాకు ఏడో తరగతితోనే బడి అయిపోయింది కాబట్టి అలాగే ఉంచేస్తున్నాను.

నరసాపురం దగ్గర రొయ్యల చెరువు మీద పని నాది. వల లాగుతుంటే ఒక రొయ్య ముక్కు ముల్లు అరచేతిలో దిగింది, పసుపు అద్ది, గుడ్డ చుట్టి, పనిలో పడిపోయాను. మర్నాటికి చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది, చలిజ్వరం పట్టుకుంది, మాట తేడా వచ్చింది. నేను ఎప్పుడూ వేళాకోళంగానే మాట్లాడతాను కాబట్టి నా బావమరిది దాసు నవ్వుతూ కూర్చున్నాడట. చివరికి వాడి చెయ్యి పట్టుకుని, "మీరెవరండీ?" అని అడిగానట. నా నోట ఏనాడూ మర్యాద ఎరగనివాడు, హడలిపోయి ఆటో ఎక్కించి భీమవరం ఆసుపత్రికి తీసుకుపోయాడు.

సెప్సిస్ అన్నారు. చేతిలో చేరిన ఇన్ఫెక్షన్‌తో పోరాడబోయి ఒళ్ళు తన మీద తానే తిరగబడిందట. ఐసీయూలో పెట్టి యాంటీబయాటిక్ ఇచ్చారు, సెలైన్లు ఎక్కించారు, బీపీ నిలబెట్టే మందు పెంచుకుంటూ పోయారు, అయినా బీపీ నిలబడలేదు, మూత్రం ఆగిపోయింది. ఇదంతా నా భార్య సువార్త తరవాత చెప్పింది. ఆ మంచం మీద ఉన్నది నేనే అయినా నాకేమీ తెలియదు.

అప్పుడు డాక్టరమ్మగారు బయటికొచ్చి, స్టెరాయిడ్ మొదలుపెడతామన్నారు. ఆ పేరు వినగానే దాసు అడ్డం తిరిగాడు. ఎందుకంటే రొయ్యలు కొనే కంపెనీవాళ్ళు ఏటా చెరువుగట్టు మీదికొచ్చి మాకు చెప్పే పాఠం ఒకటే: స్టెరాయిడ్లు, హార్మోన్లు వాడితే పరీక్షలో దొరికిపోతుంది, విదేశాలకు పంపిన సరుకంతా వెనక్కొస్తుంది.

"రొయ్యకే వద్దన్న మందండి! మా బావకెలా ఎక్కిస్తారండి?" అన్నాడట.

ఆవిడ వాణ్ణి ఎగాదిగా చూసి, "మీ బావగారిని ఎగుమతి చెయ్యట్లేదు బాబూ" అన్నారట.

అక్కడ ఎవరూ నవ్వలేదు. నాకు తెలివుంటే నవ్వేవాణ్ణి.

తరవాత ఆవిడ సువార్తకి నిదానంగా చెప్పారు. "ఇలాంటిది మన ఒంట్లోనే తయారవుతుందమ్మా. ఇంత జబ్బులో అది చాలకపోవచ్చు. రక్తనాళాలు వదులైపోయి బీపీ మందు పట్టట్లేదు. ఇది కొద్దిగా ఇస్తే దానికి తోడవుతుంది. షుగర్ పెరగొచ్చు, చూసుకుంటాం. బతుకుతాడని మాటివ్వలేను గాని, ఆలస్యం మాత్రం మంచిది కాదు."

"వద్దక్కా, పాస్టరుగారు వచ్చేదాకా ఆగుదాం" అన్నాడు దాసు.

సువార్త ఆగలేదు. ఆ గుమ్మంలోనే కళ్ళు మూసుకుని ప్రార్థించింది. "ప్రభువా, మందు సంగతి నాకు తెలీదు, ఈ డాక్టరమ్మకి తెలుసు, ఆవిడ సంగతి నీకు తెలుసు. నా మొగుడు ఒట్టి వాగుడుకాయ, నాకు ఆ వాగుడే కావాలి తండ్రీ, ఆమేన్!" కళ్ళు తెరిచి, "ఇచ్చేయండమ్మా" అంది.

ఇచ్చారు. వెంటనే ఏ అద్భుతమూ జరగలేదు సహోదరులారా! బీపీ మెల్లమెల్లగా పట్టు చిక్కించుకుంది, దాన్ని నిలబెట్టే మందు తగ్గించుకుంటూ వచ్చారు, షుగర్ పెరిగితే ఇన్సులిన్ ఇచ్చారు, మూత్రం వచ్చింది. నన్ను కాపాడింది స్టెరాయిడా, యాంటీబయాటిక్కా, ప్రార్థనా అని అడుగుతారు. అన్నిటినీ అందించింది దేవుడే అంటాను. పక్క మంచం ఆయనకీ అదే మందు పెట్టారు, ఆయన కోసమూ ఇంటివాళ్ళు మోకరించారు, ఆయన లేవలేదు. ఎందుకో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను.

తెలివి వచ్చాక మంచం పక్కన దాసు కనబడ్డాడు. "ఏరా వెధవా, చెరువు ఎవరికి అప్పజెప్పి వచ్చావు?" అన్నాను. నా మర్యాద మళ్ళీ పోయిందని తెలిసి, వాడు ఐసీయూ అని కూడా చూడకుండా, "స్తోత్రం!" అని అరిచి ఏడ్చేశాడు.

కాబట్టి సహోదరులారా, ముల్లు దిగితే పసుపుతో సరిపెట్టుకోకండి, ప్రార్థిస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి, దేవుడు ఆటోలో కూడా వింటాడు. నన్ను అప్పుడే పైకి ఎగుమతి చెయ్యని ఆయనకే మహిమ! ఎప్పటికైనా వెళ్ళక తప్పదు. ఆ రోజు ఏ పరీక్షలో నాలో ఏం దొరికినా, ఆయన మాత్రం సరుకు వెనక్కి పంపడు. నేను నమ్ముతున్నాను. మీరూ నమ్మండి.