మస్తాన్ భార్యకు నచ్చని పుస్తకాలు

1974. ఆత్మకూరు బస్టాండుకు ఎదురుగా నాకు పుస్తకాల అంగడి ఉండేది. బళ్లు తెరిచే రోజుల్లో ఊపిరాడదు, మిగతా ఏడాదంతా ఈగలు తోలుకోవడమే. పాఠ్యపుస్తకాలతో పొట్ట పోసుకుని, నవలలతో మోజు తీర్చుకునేవాణ్ణి. ఆ ఏడు రంజాన్ పండగ, దసరా నవరాత్రుల మొదలు ఒకే వారంలో పడ్డాయి. రెండు పండగల గిరాకీ కలిసొస్తుందని ఆశపడి, "పండగకు బట్టలతో పాటు పుస్తకం కూడా పెట్టండి" అని బోర్డు రాయించాను. పక్కనున్న చీరల అంగడాయన అది చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు.

చీర నచ్చకపోతే మార్చుకోవచ్చు, పుస్తకాన్ని ఎందుకు మార్చుకోకూడదని నేనూ ఎక్స్ఛేంజి పెట్టాను. చదివేసి తెచ్చి మార్చుకుపోతే నా గతేమిటి? దానికీ ఉపాయం ఆలోచించాను. అప్పట్లో కటింగ్ మిషను లేని చిన్న ప్రెస్సుల నుంచి పుస్తకాలు ట్రిమ్మింగ్ లేకుండా, అంటే అంచులు కోయకుండా వచ్చేవి. అచ్చేసిన పెద్ద కాగితాన్ని మడతలు పెట్టి కుట్టేస్తారు. ఆ మడతల కట్టను ఫారం అంటాం. పై అంచు కోస్తేనే ఆకులు విడిపోతాయి. కొన్నవాళ్లు ఇంట్లో స్కేలుతోనో చాకుతోనో కోసుకుని చదువుకునేవారు. ఆకులు కోయకుండా తెస్తే దసరా దాకా ఎప్పుడైనా మార్చిస్తాను, కోస్తే మార్చను. ఇదీ నా రూలు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఉపవాసాల నెలలోనే మస్తాన్ వచ్చాడు. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు ప్రైవేటు బస్సు తోలేవాడు. ఎండాకాలంలోనే పెళ్లయింది.

"అన్నా, పండక్కి ఏం కావాలా అని మా ఇంటిదాన్ని అడిగితే తెలుగు పుస్తకం కావాలంటా ఉండాది. నాకా, బస్సు బోర్డు తప్ప ఏం చదవను రాదు. మంచిది నువ్వే ఒకటి చూసియ్యి."

"ఎట్టాంటిది కావాలంట?"

"అది చెప్పలా. ఆ పిల్ల మాట్లాడేదే తక్కువ. అడిగినదానికి ఔను, కాదు. అంతే."

ఆమె పేరు జైబున్. నెల్లూరులో తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివిందట. గిరాకీ మెట్టెక్కక ముందే ఏ పుస్తకం కొంటారో చెప్పగలనని గొప్పలు పోయేవాణ్ణి గనక, కొత్త కోడలికి పనికొస్తుందని ఒక సంసారపక్షపు నవల తీసి, రంగుకాగితం చుట్టి, మార్పిడి రూలూ చెప్పి ఇచ్చాను. కొన్నాళ్లకు మస్తాన్ దాన్ని వెనక్కి తెచ్చాడు.

"నచ్చలేదంట అన్నా."

తిప్పి చూశాను. ఒక్క ఆకూ కోయలేదు. సరే, అపరాధ పరిశోధన నవల ఇచ్చాను. అదీ వచ్చింది. యాత్రల పుస్తకం ఇచ్చాను, దయ్యాల కథలిచ్చాను. అన్నీ పోయినవి పోయినట్టే వచ్చాయి. వంటల పుస్తకమైతే మరునాడే వచ్చింది. ఏ పుస్తకమూ నచ్చని మనిషి అసలు పుస్తకం ఎందుకు అడిగినట్టు? నా బుర్రకు అందలేదు.

చివరికి ఉండబట్టలేక ఒకరోజు మస్తాన్‌కు పుస్తకం అంచు చూపించాను.

"మస్తానూ, మంచిదా చెడ్డదా అనేది తర్వాతి మాట. ఆయమ్మ అసలు తెరవనే లేదబ్బా. చూడు, ఆకులన్నీ అంటుకోనే ఉండాయి."

"తెరవనే లేదా? మరి నచ్చలేదని ఎట్టా చెప్పింది?"

"అదే నాకూ అర్థం కావడంలా."

మస్తాన్ ఆ పుస్తకాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టేశాడు. "పుస్తకం కాదులే అన్నా, తెచ్చినోడు నచ్చలేదేమో" అన్నాడు. అంతదాకా నాకు వేడుకగా ఉన్న వ్యవహారం ఆ మాటతో చేదెక్కింది.

రంజాన్ పండగనాడు క్యారియర్‌లో సేమ్యా పాయసం తెచ్చిచ్చాడు గానీ ముఖంలో పండగ లేదు. నేను అడక్కుండానే చెప్పాడు.

"పుట్టింటికి పోతావా అని అడిగినా. సరే అనింది. వచ్చే వారం సెలవు పెట్టి నెల్లూరులో దిగబెట్టొస్తా."

"మళ్లీ ఎప్పుడొస్తాది?"

"వస్తాదో రాదో. ఇష్టం లేని పిల్లని కట్టేసుకోని ఏం చేసేది అన్నా?"

ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆవిడ సుశీల నన్నే తగులుకుంది. "పుస్తకం నచ్చకపోతే కాపురం ఎట్టా పోతాది? మీ ఇద్దరూ కలిసి ఏందో కెలికినారు" అంది. ఏం కెలికామో మాత్రం నాకు తెలియలేదు.

నవరాత్రుల్లో సరస్వతీ పూజ నాడు మా అంగట్లో పుస్తకాల పేరంటం చేసేవాళ్లం. బొమ్మల కొలువు లాగా చెక్కమెట్లు పేర్చి, వాటి మీద అంగట్లోని కథల పుస్తకాలన్నీ పెట్టి, పసుపూ కుంకుమా పెట్టేది సుశీల. వీధిలోని ఆడవాళ్లు వచ్చి చాపల మీద కూర్చునేవారు. మగవాళ్లకు వసారాలోనే చోటు. పూజలో పెట్టిన పుస్తకాన్ని విజయదశమి దాకా తెరవకూడదు. పుస్తకాల పేరంటంలో పుస్తకం తెరవకుండా ఏం చేస్తారంటే, ఎవరికి వారు తాము చదివిన కథను నోటితో చెబుతారు. చెప్పినవాళ్లకు శనగ గుగ్గిళ్లు, తాంబూలం, దసరా నాడు వచ్చి తీసుకుపోయే ఒక చిన్న పుస్తకం కానుక.

ఆ మధ్యాహ్నమే మస్తాన్ రేకుపెట్టె మోసుకుంటూ ఉదయగిరి బస్సు దిగాడు. వెనక జైబున్. నెల్లూరు బస్సు ఇంకా రాలేదు. సుశీల గుమ్మంలోంచే కేకేసింది.

"ఎండలో ఎందుకు నిలబడతావమ్మా? బస్సు వచ్చిందాకా లోపలికొచ్చి కూచో."

పెట్టె వసారాలో నా పక్కన పెట్టి మస్తాన్ కూలబడ్డాడు. లోపల ఒక్కొక్కరే కథలు చెబుతున్నారు. కాసేపటికి సుశీల గొంతు వినిపించింది. "నీకు తెలిసింది ఏదన్నా చెప్పు జైబున్. సిగ్గెందుకు?"

తర్వాత సన్నగా ఒక గొంతు. తాళం వేసిన మేడగది, చనిపోయిన జమీందారిణి, కనపడకుండా పోయిన హారం. నేను ఉలిక్కిపడ్డాను. అది నేనిచ్చిన అపరాధ పరిశోధన నవల! ఆ పుస్తకం మూడో మెట్టు మీద కుంకుమ బొట్టుతో, ఆకులన్నీ అంటుకునే ఉంది. జిల్లాలో ఇంకెవరి దగ్గరా అప్పటికి ఆ పుస్తకం లేదు. మరి ఈ పిల్లకు ఎలా తెలిసింది? తీసి చూద్దామంటే పూజలో ఉంది, ముట్టుకుంటే సుశీల ఊరుకోదు.

జైబున్ గొంతు పెరిగింది. తోటమాలి యాస ఒక రకంగా, పోలీసు దబాయింపు ఒక రకంగా చెబుతోంది. ఆడవాళ్లు నవ్వుతున్నారు, అంతలోనే అయ్యో అంటున్నారు.

"ఇది మా జైబున్ గొంతేనా అన్నా?" అన్నాడు మస్తాన్. నోరు తెరుచుకుని వింటున్నాడు.

సరిగ్గా హారం దొరికే చోట నెల్లూరు బస్సు హారన్ మోగింది. జైబున్ మాట ఆపేసి, కొంగు సర్దుకుంటూ లేచింది. "చంపిందెవరో చెప్పి పోవే తల్లీ!" అని ఆడవాళ్లు గోల పెట్టారు. మస్తాన్ గుమ్మం దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికాడు.

"బస్సు పోనీ! చంపినోడెవుడో చెప్పినాకనే కదులు!"

డ్రైవరు నోట బస్సు పోనీ అనే మాట నేను విన్నది అదొక్కసారే. బస్సు వెళ్లిపోయింది. జైబున్ కథ ముగించింది.

అప్పుడడిగాను, ఆకులు కోయకుండా ఎలా చదివావమ్మా అని. పూజలో లేని పుస్తకం ఒకటి తెప్పించుకుంది. అంటుకున్న ఆకులను మడత లేని కింది అంచు నుంచి వేలితో ఉబ్బించి, తల వంచి లోపలికి తొంగి చూసింది. గడగడా ఒక పేజీ చదివేసింది. నేను నోరెళ్లబెట్టాను.

"కోస్తే మార్చరంట గదన్నా. అందుకే కొయ్యలా."

"మరి నచ్చలేదని ఎందుకన్నావు?"

"నచ్చిందంటే అదొక్కటే ఇంట్లో ఉంటాది. నచ్చలేదంటే ఇంకోటి వస్తాది."

సుశీల పకపకా నవ్వింది. మస్తాన్ నవ్వలేదు. "మరి పుట్టింటికి పోతావా అంటే సరే అంటివే?" అన్నాడు.

జైబున్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు పంపిస్తా ఉండావు, పోక ఏం చేసేది? ఏం తప్పు చేసినానో నాకు తెలియలా. అడగాలంటే భయమేసింది."

ఆమె చదివింది, నేను చదవలేదన్నాను. అతను భయపడి అడిగితే ఆమె భయపడి సరే అంది. అందరం ఒకే పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పుతూ తలా ఒకటి అనుకున్నాం. అంచు చూసి పుస్తకం కోశారో లేదో చెప్పగలను గానీ, చదివారో లేదో చెప్పలేనని ఆ పూట నాకు తెలిసొచ్చింది. అప్పటి నుంచి నచ్చిందా అని ఏ గిరాకీనీ అడగలేదు. ఏముంది అందులో, చెప్పండి అంటాను.

సాయంత్రం ఉదయగిరి బస్సుకు పెట్టె ఎత్తుకుంటూ మస్తాన్ నాతో అన్నాడు: "లోపల ఇన్ని మాటలుండాయని నాకు తెలీదన్నా. తెచ్చి చేతికిచ్చి నా దోవన నేను పోతా ఉంటిని. ఒక్కరోజన్నా పక్కన కూచోని, ఏం కతో చెప్పమని అడగలా."