వెండెల్ చెవులు

వెండెల్ హోబార్ట్‌కి ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో వాడు ఒక్క నిమిషమైనా కదలకుండా కూర్చున్నాడని ఎవరైనా ఒట్టేసి చెప్పినా బొమ్మలు వేసే ఎల్మైరా ట్రాస్క్ నమ్మేది కాదు. కుర్చీలో కూర్చోబెడితే జారిపోతాడు. బొమ్మ కోసమని చేతికి ఆపిల్ పండు ఇస్తే కొరుకుతాడు. పది రోజుల్లో ఏడు పళ్లు అయిపోయాయి.

"ఒరేయ్, కాస్త కుదురుగా కూర్చోరా నాయనా! కుర్చీలో చీమలున్నాయా ఏం?"

"ఉన్నాయా? ఏవీ?" అంటూ వాడు దిగి వెతకడం మొదలుపెట్టాడు.

ఎల్మైరాకి ఈ బాధ కొత్త. బాంగర్ ఊళ్లో ఫోటోలు పెద్దవి చేసే ఒక కంపెనీలో ఆమె పదకొండేళ్లు పనిచేసింది. చలికాలంలో గొంతువాపు జబ్బుతో పోయిన పిల్లల ఫోటోలు వచ్చేవి. వాటి మీద రంగులు వేసి, బుగ్గలకి కాస్త ఎరుపు అద్ది పంపేది. వాళ్లెవరూ కదిలేవారు కాదు. బొమ్మ కింద ఆమె పేరు కంపెనీవాళ్లు పెట్టుకోనిచ్చేవారూ కాదు. తన ముప్పై తొమ్మిదో ఏట, ఇన్నాళ్లకి, కలప మిల్లు హోబార్ట్ గారింట్లో బతికున్న పిల్లవాడు దొరికాడు. ఎదురుగా కూర్చోబెట్టి వేసి, కింద తన పేరు రాసుకోవాలి. ఆమెకి కావలసింది అదొక్కటే.

ఆ రోజుల్లో అక్కడ చిన్న మగపిల్లలకీ గౌన్లే తొడిగేవారు; వెండెల్ ఇంకా తెల్ల గౌనులోనే ఉన్నాడు. భుజాల దాకా ఉంగరాల జుట్టు. ఆ జుట్టు వేయడానికే ఆమెకి ఆరు రోజులు పట్టింది.

పదకొండోనాడు వాడు నిక్కరుతో, గుండు కంటే ఒక్క పిసరు ఎక్కువ జుట్టుతో దిగబడ్డాడు. చెవులు రెండూ బయటికొచ్చి నిలబడ్డాయి. గౌను వదిలే వయసొచ్చిందని వాళ్ల నాన్న పొద్దున్నే మంగలి దుకాణానికి తీసుకెళ్లాడట. వెనకే వాళ్లమ్మ లవీనియా ఏడ్చిన కళ్లతో, చేతిలో బిస్కెట్ల డబ్బాతో వచ్చింది. డబ్బాలో కత్తిరించిన ఉంగరాల కుచ్చులన్నీ ఉన్నాయి. ఆమె పిన్నులు పెట్టి వాటిని వాడి తలకి తగిలించబోతే ఒక్కటీ నిలవలేదు. వాడు తుమ్మాడు.

"ఈ తంటా ఎందుకండీ! పాత ఫోటో ఇస్తాను, చూసి వేసెయ్యండి. మీకు అలవాటేగా," అంది లవీనియా.

ఎల్మైరాకి ఒళ్లు మండిపోయింది.

"అలవాటే! ఇంక పెరగని పిల్లలకి వేశానమ్మా అలాంటి బొమ్మలు. వాళ్ల తల్లులూ ఇలాగే జుట్టు దాచి తెచ్చేవాళ్లు, రంగు సరిగ్గా ఇదే రావాలని. మీవాడు, అదిగో, నా పచ్చరంగు తొక్కి తివాచీ నిండా అంటిస్తున్నాడు. వీడికీ అలాంటి బొమ్మే వేయమంటారా?"

 లవీనియా డబ్బా మూత పెట్టి కిటికీ దగ్గర కూర్చుంది.

"అయితే ఆ చెవులేవో తొందరగా వెయ్యండి. మళ్లీ మారిపోతాడు."

"నేను మొత్తుకునేది కూడా అదేగా! కూర్చోరా!"

ఆరు రోజులు పట్టి వేసిన ఉంగరాల జుట్టును ఎల్మైరా కత్తితో గీకి పారేసింది. మరో ఎనిమిది రోజులకి, ఇంకో ఐదు ఆపిల్ పళ్లకి బొమ్మ పూర్తయింది. కింద మూలన తన పేరు రాసి, కుంచె కడగడానికి వెనక్కి తిరిగింది. అంతే, వెండెల్ వచ్చి ఆ తడి పేరు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఒరేయ్ వెధవా!" అని గుడ్డ పట్టుకుని ఉరికింది. బొమ్మ మీద ఐదు చిట్టి వేళ్లు అచ్చుపడి ఉన్నాయి, వాటి కింద సగం చెరిగిన పేరు. కాసేపు చూసి, ఆ గుడ్డతో వాడి చెయ్యి మాత్రం తుడిచింది.