ఈశాన్యం గోలు

రబ్బానీకి ఎక్కడైనా శాలువా కప్పారని తెలిస్తే ఏసేపుకు ఆ పూట అన్నం సహించదు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఆయన ముందర మాత్రం ఎవరూ అనరు. ఆయన భార్య దీవెనమ్మ అయితే, పేపర్లో రబ్బానీ ఫోటో పడిన రోజు కూరలో ఉప్పూ కారం సరిచూసే పనే పెట్టుకోదు. ఎట్లా వండినా ఆ రోజు బాగలేదనే అంటాడు, ఇక రుచి చూసి ఏం లాభమని ఆమె లెక్క.

ఏసేపు బండల మేస్త్రీ. కర్నూలులో ముప్పై ఏళ్ళకు పైగా ఇళ్ళకు నాపరాళ్ళు పరుస్తున్నాడు. బేతంచెర్ల గనుల నుంచి బండల లారీ రాగానే ఒక్కొక్క బండనూ వేలితో తట్టి, ఆ మోతను బట్టి ఏది పగులుతుందో ఏది నిలుస్తుందో చెప్పేస్తాడు. రబ్బానీది ఆయన ఇంటి ఎదురుగా సైకిల్ షాపు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే బడి. చిన్నప్పుడు ఒకే సైకిలును తొక్కేవాడొకడు, తోసేవాడొకడుగా తిరిగినవాళ్ళు. ఇప్పుడు రబ్బానీ పిల్లల చక్రాల హాకీ లీగుకు అధ్యక్షుడు. ఏసేపు ఏమీ కాడు. మంట అంతా అక్కడే ఉంది.

ఆ లీగు పుట్టిన కథ పన్నెండేళ్ళ నాటిది. రెండు వేల పదమూడు ఎండాకాలంలో రబ్బానీ హైదరాబాదు పాతసామాను సంతలో ఒక గోతాం నిండా అరిగిపోయిన స్కేటింగు బూట్లు కొనుక్కొచ్చాడు. సైకిలు బేరింగులు ఎక్కించి, చక్రాలు సానబట్టి, వీధి పిల్లల కాళ్ళకు తొడిగాడు. అంతకుముందే పిల్లలెవరో ఫోనులో మంచు మీద హాకీ ఆట చూశారట. మనమూ మంచు మీదే ఆడదామని పట్టుబట్టారు. రబ్బానీ నవ్వి, "మనకు ఐసు చెరుకురసం బండి కాడనే దొరుకుతాదప్పా. బండలు మాత్రం ఊరంతా ఉండాయి" అని, రోడ్డు దాటొచ్చి ఏసేపు ముందర కూర్చున్నాడు.

వీధి చివర మూతబడిన నూనెమిల్లు ఆవరణ ఉంది. పిల్లలు ఆడుకోవడానికైతే వాడుకోండని యజమాని తాళంచెవి ఇచ్చాడు. ఏసేపు పాలిష్ ఫ్యాక్టరీల వెనక పారేసిన ముక్కబండలు ఏరి ట్రాక్టరులో తోలించాడు. పగలు కూలిపని, సాయంత్రం మిల్లు పని. రెండు నెలలు నడుము వంచి, ముక్కకు ముక్క అతికించి, అద్దంలాంటి నేల పరిచాడు. అంత పెద్ద నేల ఆయన అంతకుముందూ పరచలేదు, ఆ తర్వాతా పరచలేదు. పని అయిపోయిన సాయంత్రం చెప్పులు విడిచి దాని మీద ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి చూసుకున్నాడు. ఆడేవాళ్ళు ఎవరైనా గానీ, ఇది నాది అనుకున్నాడు.

మొదటి మ్యాచికి వీధి వీధంతా వచ్చింది. ఈల వేశారు. బంతిని మధ్యలో పెట్టారు. ఎవరూ కర్ర తగిలించకముందే బంతి తనంతట తాను కదిలింది. మెల్లగా, ఎవరో పిలిచినట్టుగా, ఈశాన్యం మూలనున్న గోలు వైపు దొర్లుకుంటూ పోయింది. తెచ్చి మళ్ళీ పెట్టారు. మళ్ళీ పోయింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళు ఆ మాత్రం మర్యాద కూడా చెయ్యలేదు.

జరిగిందేమిటంటే, కడిగిన నీళ్ళు ఈశాన్యానికి పోవాలనేది ఇల్లు కట్టించే ప్రతివాడూ మేస్త్రీకి చెప్పే మొదటి మాట. అట్లా ఏళ్ళ తరబడి వాటం పెట్టీ పెట్టీ ఏసేపు చెయ్యి అటే వాలిపోయింది. ఆటస్థలం అని తెలిసినా, మట్టానికి దారం కట్టేటప్పుడు చెయ్యి తన అలవాటు తాను చూసుకుంది. ఆ కొసకు ఈ కొసకు జానెడు పల్లం. ఇంటి ముంగిలి అయితే దండం పెట్టుకోవలసిన పని, ఆటకు మాత్రం వంకర.

ఆ నవ్వుల మధ్య రబ్బానీ లేచి, "పది నిమిషాలకొకతూరి పక్కలు మార్చుకుంటే సరిపాయె. పల్లం ఇద్దరికీ సమానమే" అన్నాడు. అప్పటికి ఏదో ఒకటి అనాలని అన్న మాట అది. అదే లీగు నియమమైంది. ఎత్తుకు ఎదురు కొట్టీ కొట్టీ పిల్లల మణికట్లు గట్టిపడ్డాయి. కడపలో సమంగా ఉన్న నేల మీద ఆడడానికి పోయి మూడు జట్లను వరసగా ఓడించి వచ్చారు. అక్కడి కోచ్‌లు కర్నూలు వచ్చి, ఆ నేల మీద మోకాళ్ళూని చూసి, ఈ ఆలోచన ఎవరిదని అడిగారు. రబ్బానీ మైకు పట్టుకుని "మా బండల మహిమ" అన్నాడు. జనంలో వెనక నిలబడిన ఏసేపుకు ఆ 'మా' అన్న మాట మేకు దిగినట్టు దిగింది. తప్పు తనది, పేరు వాడిది.

ఇక లీగు పెరగడం మొదలుపెట్టింది. మొదటి ఏడాది నాలుగు జట్లు, నాలుగూ చుట్టుపక్కల వీధులవే. మూడో ఏడు డోన్ పిల్లలు బూట్లు భుజాన వేసుకుని రైలెక్కి వచ్చారు. ఆ జట్టులో గోలు కాచిన తనూజ అనే పిల్ల ఒక్క బంతినీ పోనివ్వలేదు. రబ్బానీ ఇల్లాలు జులేఖా బీ తన పరుపు విప్పి, దూదితో ఆ పిల్ల మోకాళ్ళకు మెత్తలు కుట్టిచ్చింది. ఐదో ఏటికి కమలాపురం రైతుల పిల్లలు సిమెంటు కల్లాల మీద సాధన చేసి వచ్చారు. ఇప్పుడు పద్నాలుగేళ్ళ లోపువాళ్ళకు పది జట్లు, పదిహేడు లోపువాళ్ళకు ఆరు. కష్టపడకుండా ఏదైనా దక్కితే కర్నూలు పిల్లలు దాన్ని 'ఈశాన్యం గోలు' అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా అందరూ నవ్వుతారు, ఏసేపు తలపాగా సర్దుకుంటాడు.

రబ్బానీ కొత్త చొక్కా వేస్తే ఏసేపుకు కన్ను కుట్టేది. రబ్బానీ షాపు ముందర కారు ఆగితే, ఎవరు దిగారో చూడనట్టు నటిస్తూ గుమ్మంలో నిలబడి అన్నీ చూసేవాడు. మైకు ముందర రబ్బానీకి దగ్గు వస్తే లోపల చల్లగా ఉండేది. తరువాత తనకే సిగ్గేసి, అల్లం ముక్క పంపించమని దీవెనమ్మకు చెప్పేవాడు. అదీ తన పేరున కాదు, ఆమె పేరున.

మొన్న తనూజ వచ్చింది. ఇప్పుడామె డోన్‌లో వ్యాయామం టీచరు, లీగుకు కార్యదర్శి. చేతిలో ఒక కాగితం ఉంది.

"ఏసేపు మామా, పన్నెండేండ్ల పండగ చేస్తాండాం. మిల్లు గేటు కాడ ఒక రాయి నిలబెట్టాల. మంచి రాయి నువ్వే చూడాలని రబ్బానీ మామ అన్న్యాడు. ఇవి చెక్కాల్సిన అక్షరాలు."

ఏసేపు కాగితం విప్పాడు. 'ఈ లీగును స్థాపించినవారు షేక్ రబ్బానీ' అని ఉంది. కింద సంవత్సరం. దాని కింద ఖాళీ. ఆ ఖాళీ వైపే ఆయన చాలాసేపు చూశాడు.

"ఇంతేనా పాపా?"

"ఇంతే మామా. ఏం, ఇంగేమన్నా ఉండాల్నా?"

ఆమె డోన్ పిల్ల. ఆ నేల ఎవరు పరిచారో ఆమెకు తెలియదు. వీధిలో ముసలీముతకకు తెలుసు, వీధి దాటితే ఎవరికీ తెలియదు. ఏసేపు నోటిదాకా వచ్చిన మాటను మింగి, సరే అన్నాడు.

ఒప్పుకున్నాడే గానీ రాయి తేలేదు. ఒకరోజు ఫ్యాక్టరీలో కరెంటు లేదన్నాడు, ఇంకోరోజు గనిలో మంచి పొర తగల్లేదన్నాడు. నిజానికి రాయి దొరికి నాలుగు రోజులైంది. నల్లగా, మచ్చ లేకుండా, తడితే గంటలా మోగే రాయి. దాన్ని పెరట్లో గోనెపట్టా కింద దాచాడు. తన చేత్తో ఏరిన రాయి మీద, తన చేత్తో పరిచిన నేల ముందర, వాడి పేరు ఒక్కటే నిలబడుతుంది. తరువాత వచ్చే పిల్లలంతా అదే చదువుకుంటారు. శాలువాలు చిరిగిపోతాయి, పేపర్లు పొట్లాలవుతాయి, రాయి మాత్రం ఉండిపోతుంది. ఈసారి పేరు పోతే ఇక ఎప్పటికీ పోయినట్టేనని ఆయనకు తెలుసు.

ఆదివారం పండగ. గురువారం పొద్దున రబ్బానీ స్వయంగా రోడ్డు దాటి వచ్చాడు.

"ఏమప్పా ఏసేపు, రాయి యాడికొచ్చె?"

"రాలే."

"ఇంగెప్పుడొస్తాది?"

"నీ పేరు మోసేదానికి గట్టి రాయి కావాల గదప్పా. దొరకొద్దూ?"

రబ్బానీ అరుగు మీద కూలబడ్డాడు. "కడుపులో ఏదో పెట్టుకోని మాట్లాడతాండావు. కక్కు."

ఏసేపు కక్కాడు. "పన్నెండేండ్లు మైకులో మాట్లాడితివే, ఒక్కతూరన్నా ఈ బండలు మా ఏసేపు పరిచినాడని నోరు తెరిచినావా? మా బండలు, మా బండలు. ఎవురివప్పా నీవి? ఒక్క బండన్నా మోసినావా?"

రబ్బానీ ఆయన ముఖంలోకి వింతగా చూశాడు. "నువ్వే గదప్పా చెప్పొద్దన్న్యావు."

"నేనా?"

"మొదుటి మ్యాచి అయినంక మిల్లు గేటు కాడ నా చెయ్యి పట్టుకుంటివి. ఈ వంకర బండలు నేను పరిచినానని బయట తెలిస్తే నాకు ఇంగ ఎవురూ పనియ్యరు, యాడా నా పేరెత్తొద్దంటివి. నా బిడ్డల మీద ఒట్టు ఎయ్యించుకుంటివి. నేనెట్ల చెప్పేది?"

ఏసేపు లోపలికి చూశాడు. గడపలో చేట పట్టుకుని దీవెనమ్మ నిలబడి ఉంది.

"నిజమే" అంది ఆమె. "ఆ పొద్దు ఇంటికొచ్చి నాతో గూడా ఒట్టు ఎయ్యిస్తివి."

"మరి ఇన్నేండ్లు ఏడుస్తాంటే ఒక మాట చెప్పొద్దూ?"

"చెప్పొద్దని ఒట్టు ఎయ్యిస్తివి గదా. అది నీకు చెప్పొచ్చో లేదో నాకేం తెలుసు."

అప్పుడు ఏసేపుకు అంతా గుర్తుకొచ్చింది. గేటు, గేటుకున్న తుప్పు, రబ్బానీ చేతికున్న గ్రీజు కూడా. మనిషి తనకు గిట్టని మాటను తాను అన్నదైనా సరే మరిచిపోతాడు. ఇక కోపం పెట్టుకోవడానికి చోటు లేదు. కానీ అసూయ ఊరికే పోతుందా, ఇంకో చోటు వెతుక్కుంది. ఏసేపుకు ఏదైనా రహస్యం తెలిస్తే పన్నెండు రోజులు కడుపులో నిలవదు. వీడు పన్నెండేళ్ళు నిలబెట్టాడు. మాట మీద నిలబడడంలో కూడా వీడే ముందు.

"ఇప్పుడు నా పేరు ఎక్కియ్యమంటే ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తా. నువ్వు ఒట్టు తీసెయ్యాల, అంతే."

"కింద గాదు. పైన."

"పైనే పెట్టుకో. అయితే ఒకటి. పేరు ఎక్కితే వాటం కత గూడా బయటికొస్తాది. జనం అడుగుతారు. రేప్పొద్దున ఇండ్లు రాలేదని నన్ను తిట్టుకోవద్దు."

ఏసేపు కొత్త కాలనీలో రెండంతస్తుల ఇంటి పని మాట్లాడుకుని ఉన్నాడు. ఆ ఇంటాయన ఇటుకకు ఇటుక రసమట్టం పెట్టి చూసే రకం. ఇంత పేరున్న నేలను వంకరగా పరిచింది ఈయనేనని తెలిస్తే మరునాడే ఇంకో మేస్త్రీని చూసుకుంటాడు. ఒక పక్క ఆ భయం. ఇంకో పక్క నల్లరాయి మీద రబ్బానీ ఒక్కడే. ఏసేపు కాసేపు అటూ ఇటూ తూచాడు. భయం ఓడిపోయింది.

"ఒట్టు తీసేసినా" అన్నాడు. పెరట్లోకి పోయి గోనెపట్టా లాగాడు. రాయిని చూసి రబ్బానీ ఏమీ అనలేదు. అది కూడా ఏసేపుకు నచ్చలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే సరిపోయేది.

ఆదివారం పొద్దున పదహారు జట్ల పిల్లలు మిల్లు ఆవరణలో వరుసగా నిలబడ్డారు. తెర తీశారు. 'ఈ నేల పరిచినవాడు మేస్త్రీ ఏసేపు. ఈ ఆట నేర్పినవాడు షేక్ రబ్బానీ' అని తనూజ మైకులో చదివింది. కడప నుంచి వచ్చిన కోచ్ ఏసేపు దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు.

"ఆ వాటం ఎత్తుగడ మీదేనా సార్? ఏ లెక్కన పెట్టారు?"

మైకు దగ్గరలోనే ఉంది. ఏసేపు గొంతు సర్దుకున్నాడు. ఎత్తుగడే అని చెప్పుకుంటే పోయేదేమీ లేదు. పనికి పని నిలుస్తుంది, గొప్పకు గొప్ప.

"ఎత్తుగడా లేదు, ఏమీ లేదు సార్. ఇండ్లు పరిచి పరిచి చెయ్యి ఈశాన్యానికి పోయింది. తప్పే. నేనే చేసినా."

జనం నవ్వారు. ఈసారి ఆ నవ్వు గుచ్చుకోలేదు. పేపరాయన వచ్చి రాయి పక్కన నిలబడమన్నాడు. పిల్లలు చుట్టూ మూగారు. ఫోటో తీసేటప్పుడు అలవాటు కొద్దీ ఏసేపు కళ్ళు రబ్బానీ కోసం వెతికాయి.

రబ్బానీ రాయికి అవతలి పక్క ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఆయన వైపు ఎవరూ చూడడం లేదు. వంగి, కళ్ళు చికిలించి, తన పేరున్న రెండో వరుసను వేలితో తడిమాడు. తరువాత పై వరుసను తడిమాడు. ముఖం కొంచెం నల్లబడింది. ఆ ముఖం ఏసేపుకు బాగా తెలుసు. పన్నెండేళ్ళుగా గుమ్మంలో నిలబడి తాను పెట్టిన ముఖమే అది. ఇన్నేళ్ళూ ఓర్చుకోలేకపోయింది వీడి పేరును కాదు, వీడి మంచితనాన్ని అని అప్పుడు తెలిసింది. పరవాలేదు, వీడూ మనలాంటోడే. ఆయన మనసు హాయిగా తేలికపడింది.

"ఏమప్పా, ఏం చూస్తాండావు?"

"ఏం లే. నీ అక్షరాలు రవంత పెద్దగా పడినట్టుండాయే."

"ఒకటే కొలత. నేనే పక్కనుండి చెక్కించినా."

"కంటికి అట్ల కనపడలే."

ఏసేపు జేబులో నుంచి టేపు తీసి ఒక కొసను రబ్బానీ చేతికిచ్చాడు. ఇద్దరూ రాయి ముందర గొంతుకూర్చున్నారు. వెనక మ్యాచికి ఈల వేశారు. ఇద్దరిలో ఎవరూ తిరిగి చూడలేదు.

"టేపులో ఒక నూలు గీత ఎక్కువుండాది నీది" అన్నాడు రబ్బానీ.

"సరిగ్గా పట్టుకో ముందు" అన్నాడు ఏసేపు. "మళ్ళా కొలుద్దాం."