పైపు మీదుగా పోయిన కారు

మా బామ్మర్ది మొన్న మంగళవారం పొద్దున పోయాడు. నా భార్యకు తమ్ముడు, ఫైరింజన్‌లో ఉద్యోగం. జబ్బుతో పోయాడని అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోను. నడుం విరిగి ఏడాదిగా మంచంలో ఉన్న మనిషిని చంపింది జబ్బా?

సరదా మనిషి. డ్యూటీ మధ్యలో మా ఇంటికి అన్నానికొస్తే బూట్లు విప్పేవాడు కాదు. "మా ఇంట్ల బూట్లతోటి తింటవా?" అని కసిరితే, "అగ్గి నీ లెక్క తీరుబాటుగ రాదు బావా" అనేవాడు.

నిరుడు ఎండాకాలం మాదాపూర్‌లో, నేను రాళ్ళు కొట్టే చోటే, కొత్త అద్దాల బిల్డింగు పక్కన కూలీల గుడిసెలు అంటుకున్నాయి. మావాడు రోడ్డుకు అడ్డంగా పైపు పరిచి, ప్రహరీ గోడెక్కి నీళ్ళు కొడుతున్నాడు. ఒక కారాయన హారన్ మీద హారన్.

కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "జర ఆగండి సార్, లోపల పిల్లలున్నరు."

"నాకు మీటింగుందయ్యా, పక్కకు జరుగు" అని కారు పోనిచ్చాడాయన. పైపు చక్రాలకు చుట్టుకుని, గోడ మీది మనిషిని గుంజి రాళ్ళ మీద పడేసింది. నీళ్ళు ఆగిపోయాయి. పిల్లలను మేం కూలీలమే తడిపిన గోనెసంచులు కప్పుకుని పోయి తెచ్చాం.

పోలీస్ స్టేషన్‌లో యాక్సిడెంటని రాశారు. ఆయన కోర్టులో జరిమానా కట్టి ఇంటికి పోయాడు.

"డ్యూటీ చేసేటోన్ని అడ్డుకుంటే జైలు లేదా సార్?" అని ఎస్సైని అడిగాను.

"ఉంది పెద్దాయనా. ఆ సెక్షన్ పెట్టాలంటే మీవాడి పైఆఫీసరు రాసియ్యాలె."

ఆఫీసరు రాయలేదు. కారాయన పెద్దవాళ్ళకు కావలసినవాడట. చట్టం ఉందట, దాన్ని కదిలించే చెయ్యి లేదట. సిగ్గుండాలి.

మంచంలోంచి మావాడు రోజూ అడిగేవాడు. "రాసిండా బావా?"

"రాస్తడులే."

"నా నడుం సంగతి ఇడిసిపెట్టు. రేపు ఇంకోడు పైపు తొక్కితే మావోళ్ళు ఎట్ల నిలబడతరు?" పోయేదాకా అదొక్కటే అతని ఫికర్.

శవం మీద వేయడానికి ఆ ఆఫీసరు దండ పట్టుకుని వచ్చాడు. "మంచి పనిమంతుడు" అన్నాడు.

"గా మాట కాగితం మీద పెట్టనీకి నీకు చేతులు రాలేదా సార్?" అన్నాను. దండ తీసుకోలేదు.

పాడె కొత్త రోడ్డు దాటాలి. కార్లు ఆగలేదు. అప్పుడు అతనితో పనిచేసినవాళ్ళు, ఖాకీ బట్టల్లోనే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. ముందున్న కారు హారన్ కొట్టింది. ఎవరూ కదల్లేదు. పాడె దాటిపోయాక కూడా వాళ్ళు చాలాసేపు అట్లాగే నిలబడ్డారు.