జేబుల్లో దాచుకున్న చేతులు

కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే చుయ్‌మంటుంది చూడండి, ఆ చప్పుడు వింటే చాలు, నాకు కరీముల్లా సార్ గుర్తుకొస్తారు. గవర్నర్‌పేటలో నా అట్ల బండికి రోజూ పొద్దున్నే వచ్చేవారు. ఆడపిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పే మనిషి. బక్కపలచగా ఉండేవారు. బియ్యం బస్తా కూడా ఎత్తలేరనిపించేది. రెండు చేతులూ ఎప్పుడూ ప్యాంటు జేబుల్లోనే. నా మొగుడు పోయిన ఏడాది, నిండు పిండి డబ్బాను ఒంటిచేత్తో దించుతున్న నా కూతురు దుర్గను చూసి, "ఈ పిల్లను నా దగ్గరికి పంపండమ్మా" అన్నారు.

నాకు చదువు సంతకం వరకే. సార్ దగ్గర చూసి నేర్చుకున్నదే మిగతాది. ఆయన ఏ ఇద్దరికీ ఒకేలా చెప్పేవారు కాదు. గుణదల నుంచి వచ్చే మేరీ నింపాది పిల్ల. బార్ ముందుకు వెళ్ళేటప్పుడు దాని వీపు చరిచి, "ఏమే, నిద్రలో నడిచొచ్చావా? అది దిండు కాదు, ఇనుము!" అని రెచ్చగొట్టేవారు. అది పళ్ళు కొరికి ఎత్తేసేది. దుర్గ దగ్గరికొస్తే మాత్రం గొంతు తగ్గించి, "ఇవాళ అమ్మ ఏం చట్నీ చేసింది?" అనేవారు. అంతే. నాకు ఒళ్ళు మండి ఒకరోజు అడిగేశాను.

"నా బిడ్డనెందుకు ఉషారు చెయ్యరండీ?"

సార్ నవ్వారు. "మేరీ ఇంకా కాలని పెనం అమ్మా, మంట పెంచాలి. మీ అమ్మాయి తనంతట తనే కాలిపోతుంది. పెనం సంగతి మీకు నేను చెప్పాలా?"

అప్పుడు నా తలకెక్కలేదు.

జిల్లా జట్టుకు సెలెక్షన్స్ జరిగే రోజు పొద్దున, "ఈసారి నిన్ను తీసుకోకపోతే ఆ ఇనుము వదిలేసి బండి దగ్గరికి రా" అని దుర్గతో అన్నాను. భయపెడితే బలం వస్తుందనుకున్నాను. మూడుసార్లు ఎత్తనిస్తారు. ఒక్కసారైనా ఎత్తాలి. నేను కమ్మీల దగ్గర నిలబడి గొంతు చించుకున్నాను. "ఎత్తవే! మీ నాన్న పైనుంచి చూస్తున్నాడే!" మొదటిసారి బార్ మోకాళ్ళ దాకా వచ్చి జారింది. ఇంకా గట్టిగా అరిచాను. రెండోసారి దాని పెదాలు తెల్లబడ్డాయి, చేతులు కొయ్యబారాయి. బార్ పడిపోయింది.

సార్ నా దగ్గరికి వచ్చారు. తిడతారనుకున్నాను.

"పెనం మరీ కాలితే అట్టు ఏమవుతుందమ్మా?"

"పిండి పరుచుకోదండీ. ముద్దకడుతుంది."

"అప్పుడేం చేస్తారు?"

"నీళ్ళు చల్లుతాను."

"మరి వచ్చి చల్లండి. అమ్మాయి మూడోసారి ఎత్తేలోపు ఇంకో ఇద్దరి వంతు ఉంది."

లోపల దుర్గ నెత్తిన తువ్వాలు కప్పుకుని కూర్చుంది. నేను నోరు విప్పితే ఏడుపొస్తుందో తిట్టొస్తుందో తెలియలేదు. చివరికి, "రేపు పల్లీ చట్నీ చెయ్యనా, అల్లం చట్నీ చెయ్యనా?" అన్నాను.

తువ్వాలు తీసి చూసింది. "నీ అల్లం చట్నీ ఎవరు తింటారే, నోరు బొబ్బలెక్కుద్ది!"

"అయితే పల్లీయే. ఎత్తినా ఎత్తకపోయినా పిండి రుబ్బేది నేనే. నువ్వు ప్రాక్టీసుకే పో."

బిగుసుకున్న దాని భుజాలు కిందికి దిగాయి.

మూడోసారి నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు. దుర్గ ఎత్తింది. ఎత్తి, తలపైన కదలకుండా నిలబెట్టింది.

తర్వాత సార్‌కు టీ అందించాను. గ్లాసు పట్టుకున్న చేతులు గడగడ వణికి, టీ చొక్కా మీద ఒలికింది.

"ఇదేంటండీ!"

"నాకు ప్రతిసారీ ఇంతేనమ్మా. మీకన్నా నాకే కంగారెక్కువ. పిల్లలకు అంటకూడదు కదా" అని చేతులు మళ్ళీ జేబుల్లో పెట్టేసుకున్నారు.

సార్ ఇప్పుడు లేరు. దుర్గ ఇంకా పోటీలకు వెళ్తూనే ఉంది. ముందురోజు ఫోన్ చేస్తే, "ఏం తిన్నావే?" అని మాత్రం అడుగుతాను. పెట్టేశాక అట్టు తిరగెయ్యడానికి కూడా చేతులు నిలవవు. కొంగులో చుట్టుకుని కాసేపు కూర్చుంటాను. ఈ సంగతి దానికి ఇన్నేళ్ళలో చెప్పలేదు.

నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది దుర్గే. కలం ఆపి నా చేతుల వంక చూస్తోంది.

"రాయవే" అన్నాను.