దుర్గమ్మ శోకం పెట్టిన సభ

మా దేవరయాంజాల్‌లో ఎవరు పోయినా మొదటి కబురు దుర్గమ్మకు వెళ్లేది. కట్టెలకూ కుండకూ మనిషిని పంపేది ఆ తరవాతే. ఆమె వచ్చి తలాపున కూర్చుని మొదటి రాగం తీస్తే గాని తక్కిన ఆడవాళ్లకు ఏడుపు దారి దొరికేది కాదు. పోయినవాడు ఏం తినేవాడు, ఎవరితో కయ్యం పెట్టుకునేవాడు, ఏ గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చేవాడు, అన్నీ ఆ రాగంలోకి వచ్చేవి. అలా అతణ్ణి గడపలోంచి లేపి ఊరి పొలిమేర దాటేదాకా మాటలతో నడిపించి సాగదోలేది. నడుమ ఆపకూడదు. ఆపితే పోయినవాడు దారిలోనే నిలబడిపోతాడని మా వైపు నమ్మకం.

నేను ఆ ఊళ్లో వీధిబడి పంతుల్ని. మా ఇంటికీ వాళ్లింటికీ ఒకటే గోడ.

యుద్ధం రోజుల్లో ఆమె మొగుడు సిద్దిరాములు మేడ్చల్ స్టేషన్‌లో రైలెక్కి బొంబాయి వెళ్లాడు, రేవులో మూటలు మోసే పనికి. మరుసటి ఎండాకాలం ఆ రేవులో ఓడ పేలింది. కూడా వెళ్లిన ఇస్తారి ఒక్కడే తిరిగొచ్చాడు. "పొద్దుగాల రేవుకు వోయిండు. మళ్ల కండ్ల వడలే" అని చెప్పాడు. అంతకు మించి ఏమీ తెలియలేదు. పీనుగా రాలేదు, బూడిదా రాలేదు.

అత్త బాలనర్సమ్మ ఇస్తారిని గడప దిగమంది. "నువ్వు సూసినవా? సూడలే గదా. ఇగ నడువ్." వాడు వెళ్లాక కోడలి వైపు తిరిగింది. "నా కొడుకు తొవ్వల ఉన్నడు. నీ నోట ఏడుపు ఎల్లొద్దు. మనింట్లొద్దు, మందింట్లొద్దు. ఉత్తగ ఏడిస్తే ఉన్నోన్ని సంపుకున్నట్టే."

దుర్గమ్మ సరేనంది. ఆ రోజు నుంచి ఎవరింటి చావుకూ వెళ్లలేదు. "మా అవ్వ పీనుగకు దిక్కు లేకపాయె" అని ఊళ్లో మొహం మీదే అన్నవాళ్లున్నారు. ఆమె గాజులు చేతికే ఉన్నాయి, బొట్టు మొహానే ఉంది. రోజూ కలుపుకు వెళ్లేది, వచ్చేది. ఏడవని మనిషిని చూసి గుండె గట్టిదంటారు. నాకు అలా అనిపించలేదు. చెయ్యి మీద పడుకుని లేస్తే ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, మనిషి మొత్తం అలా ఉండేది.

అత్త మాత్రం ప్రతి సాయంత్రం ముగ్గురికి జొన్న గట్క వండేది. కొడుకు వంతు గిన్నెలో పెట్టి గంప బోర్లించేది. బొంబాయి నుంచి వచ్చేవాడు మేడ్చల్‌లో దిగి నడిచొచ్చేసరికి ఊరు మాటుమణుగుతుంది, ఆకలి మీద ఉంటాడు కదా. తెల్లవారాక ఆ గట్కలో చల్ల పోసి, అరుగు మీద కూర్చుని ఇద్దరూ సద్ది తాగేవాళ్లు. రెండేళ్లుగా నేను బడికి పోతూ చూసేది అదే.

ఇలా ఉండగా పట్నంలోని భాషా పరిశోధక మండలి నా నెత్తిన పడింది. ఓసారి వాళ్ల సభకు పోయి వెనక వరసలో కూర్చుని దగ్గాను. ఏదో మాట్లాడబోతున్నాననుకుని సభ్యుణ్ణి చేసేశారు. ఆపైన మండలి పత్రికలో 'వార్తలు, ప్రకటనలు' రాసే బరువు నాదయింది. ఫలానా వారు ఒక వ్యాసం చదివారు, ఫలానా వారు ఒప్పుకోలేదు, పైనెల సభ ఫలానా చోట. మనుషులు మంచివాళ్లే. కాకపోతే ఒక మాట ఎక్కడ పుట్టిందో తేల్చడానికి అన్నం చల్లారబెట్టుకునే రకం.

ఆ యేడు వాళ్లకు పల్లె మాట చెవులారా వినాలని బుద్ధి పుట్టింది. సభ షామీర్‌పేట చెరువు పక్క బంగళాలో అనుకున్నారు. సర్కారు ఇజాజత్ లేనిదే సభ పెట్టకూడదు, దానికి పోలీసు అమీను దగ్గరికి నేనే పోయాను. "పల్లెటూరోళ్ల మాటలు వినడానికి కూడా జల్సాయా? నేను రోజూ వింటూనే ఉన్నానుగా, తల తినేస్తున్నారు" అని నవ్వి కాగితం మీద దస్తకతు చేశాడు.

కార్యదర్శి గారికి చావింటి శోకాలు కావాలట. దుర్గమ్మను అడిగాను.

"ఎవలు సావకుంట ఎట్లేడుస్త పంతులూ? అత్తకు మాటిచ్చిన."

పంటల పేర్లు, పనిముట్ల పేర్లు చెబితే చాలన్నాను. బాలనర్సమ్మ ఒప్పుకుంది. "మాటలు జెప్పి రా. ఇంకోటి నోట్లకెల్లి రావద్దు" అని కోడలికి నా ఎదుటే చెప్పింది.

శుక్రవారం, జుమ్మా సెలవు నాడు కుర్మయ్య బండిలో వెళ్లాం. కుర్మయ్య మా ఊరివాడే, సిద్దిరాములుతో కలిసి పెరిగినవాడు. బంగళా వరండా చివర దుర్గమ్మను కూర్చోబెట్టారు. నాగలి భాగాలన్నీ చెప్పింది. ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా, నవ్వకుండా చెప్పింది.

తరవాత కార్యదర్శి గారు ప్రకటనలు చదివారు. కొత్త సభ్యుల పేర్లు, చందాల గడువు, చివర సంతాపం. ఓరుగల్లు వైపు సభ్యులు మార్తాండశర్మ గారు ఆ నెల్లోనే పోయారు. అందరూ లేచి తలలు దించుకుని నిలబడ్డారు.

దుర్గమ్మ నా పక్కకు వంగింది. "ఎందుకు లేసిండ్రు?"

"ఒకాయన పోయాడు."

"ఏడుస్తలేరేంది?"

"ఇది మా పద్ధతి. మౌనంగా ఉంటాం."

వాళ్లు మళ్లీ కూర్చున్నారు. పై నెల సభ ఎక్కడో చర్చ మొదలైంది. ఆమె వాళ్లందరినీ ఒకసారి చూసింది.

"గంతేనా? ఒక్క ఆడది లేకపాయె, ఒక్క రాగం లేకపాయె. ఆయన ఎట్లుండేటోడు? నేను సాగదోల్త. పీనుగ కండ్ల ముంగట లేకున్న, సచ్చుడైతే సచ్చిండు గదా."

వద్దని నేను అనేలోపే కార్యదర్శి గారు విని, పెన్సిలు చేతబట్టి దగ్గరికి వచ్చారు. శర్మ గారు నశ్యం పీల్చేవారని ఒకరన్నారు. నవ్వితే వీధి చివరికి వినిపించేదని ఇంకొకరన్నారు. దుర్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టింది.

"నశ్యం డబ్బి నడింట్ల ఉండె నాయినా, నవ్వేటి నోరు మూతవడెనా నాయినా..."

రెండేళ్ల మూగగొంతు. ముందు గరగరలాడి, తరవాత దారిన పడింది. కాసేపటికి నశ్యమూ నవ్వూ అయిపోయాయి. పోయినవాడు ఇంకా గడప దగ్గరే ఉన్నాడు. పొలిమేర చాలా దూరం. ఆపకూడదు. ఒక క్షణం గాలి పీల్చుకుంది.

"గొంగడి దండెం మీదనే ఉండె నా రాజా, సలికి ఏం గప్పుకుంటివి నా రాజా. మేడ్చల టేషన్ల దిగుతవని తొవ్వ జూస్తి నా రాజా, దిగినోళ్లంత ఇండ్లకు వోయిరి నా రాజా..."

వరండా బయట ఎడ్ల దగ్గరున్న కుర్మయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. దుర్గమ్మ ఆగలేదు. ఇంటి ముందు సందు, కల్లం, రేగడి చేను, ఒక్కొక్కటే దాటించింది. ఆమె కంట్లో ఒక్క చుక్క లేదు. పాట పూర్తయ్యాక చెంబెడు నీళ్లు తాగింది.

"ఇగ పోదమా పంతులూ? అత్త సూస్తుంటది."

"అద్భుతం! శర్మ గారికి ఇంతకన్నా నివాళి ఏముంటుంది!" అన్నారు కార్యదర్శి గారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. ఇంకొకాయన శోకంలోకి రైలు స్టేషను ఎప్పుడు వచ్చిందని ఆరా మొదలుపెట్టాడు. శోకగీతం సభ్యులకు ఎంతో ఆహ్లాదం కలిగించిందని పత్రికలో రాయమన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ ముక్క నేను రాయలేదు.

తిరుగుదారిలో కుర్మయ్య ఎడ్లను అదిలించను కూడా లేదు. దుర్గమ్మే అన్నది:

"పొలిమేర దాటిచ్చిన పంతులూ. నడుమ ఎట్ల ఇడిసిపెడ్త?"

ఆ గొంతులో ఏమీ లేదు. నాగలి భాగాలు చెప్పిన గొంతే.

మేం దిగేసరికి పొద్దు వాలుతోంది. బాలనర్సమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది.

"సెప్పినవా మాటలు?"

"సెప్పిన." దుర్గమ్మ గడప బయటే నిలబడింది. "ఏడ్సిన అత్తా."

చేట ఆగింది. ఎవరికని ముసలామె అడగలేదు. కోడలి మొహం చూసింది.

"ఏడిదాంక?"

"పొలిమేర దాటిచ్చిన."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె తలొంచుకుని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. అక్కడ నిలబడలేక నేను మా ఇంట్లోకి వెళ్లిపోయాను.

తెల్లవారి బడికి పోతుంటే అరుగు ఖాళీగా ఉంది. దుర్గమ్మ కొడవలి పట్టుకుని పనికి బయల్దేరుతోంది. రోజూ పలకరించినట్టే పలకరించాను.

"సద్ది తాగావా దుర్గమ్మా?"

"లేదు పంతులూ" అంది. "రాత్రి అత్త ఇద్దరికే వండింది."